పాముచెవులాయన పదికి పది

ఆయనకి అసలు పేరు ఒకటుందని జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. ముప్ఫై ఏళ్ళ కిందట, పనిలో చేరిన కొత్తలో, అద్దాల గదిలో పాత ఓనరుగారు ఫోనులో ఎవరితోనో గుసగుసలాడుతుంటే, ఈయన బయట మెట్లమీద నిలబడి "గురువారం కాదండీ, బుధవారం ఇస్తామన్నాం" అని సరిచేశాడు. "ఓరి నీ పాముచెవులు బంగారంగానూ!" అని ఓనరు నోరెళ్ళబెట్టాడు. అప్పుడు అంటుకున్న ఆ మాట ఇంకా వదల్లేదు. ఫోను చేసేవాళ్ళు కూడా "పాముచెవులాయన ఉన్నారా?" అనే అడుగుతారు. ఆయన కూడా "ఆ, పాముచెవులే మాట్లాడుతున్నా" అంటాడు.

షాపులో అమ్మేవి స్పీకర్లు, యాంప్లిఫయర్లు, సీడీ ప్లేయర్లు. మేడమీద ఒక వినే గది ఉంది. పాత కట్టడం కనక నేలంతా చెక్క పలకలు, వాటిమీద తివాచీ. చెప్పులూ బూట్లూ గుమ్మం బయటే విప్పాలి. ఆ నియమం ఈయన పెట్టిందే. బూటు చప్పుడు పాటలో కలిస్తే ఆయన అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ గదిలో కొనేవాడు కుర్చీలో కూర్చుంటాడు, ఈయన పాట పెడతాడు, పాట అయిపోగానే కొనేవాడు పెట్టెవైపు కాకుండా ఈయన మొహంవైపు చూస్తాడు. పాముచెవులాయన తల ఊపితే అమ్ముడైనట్టే. డబ్బిచ్చి కొనేవాడు కూడా తన చెవులు ఇంట్లో పెట్టి వచ్చి ఈయన చెవులతో వినేవాడు. చోద్యం కాకపోతే ఏమిటి?

ఇక మనిషి సంగతి. కుదురు అనేది ఆయన ఒంట్లో లేదు. కాలుగాలిన పిల్లి. అన్నం తింటూ రెండుసార్లు లేస్తాడు, బస్సులో సీటుండగా నిలబడతాడు, క్షవరం చేసేవాడు కూడా ఈయన్ని చూస్తే కత్తెర పక్కన పెట్టి దణ్ణం పెడతాడు. పాట మొదలైతే మాత్రం రాయి. రెప్ప కూడా కొట్టడు. "మా ఆయన్ని కూర్చోబెట్టాలంటే ఒకటే మార్గం, ఇంట్లో వాయిద్యాలు మోగించడం" అంటుంది వాళ్ళావిడ. ఆవిడ కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. గోడమీద అక్షరాల అట్ట చదివించి, ఎవరికి ఏ అద్దం కావాలో చూసి ఇస్తుంది. భర్త ఎంత గాలో భార్య అంత గట్టు.

అలాంటి మనిషి ఏడాదిగా పాట పెట్టినా కూర్చోవడం మానేశాడు. దానికి కారణం ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. మనకి తెలుసు కాబట్టి చెప్పుకుందాం.

కిందటేడు చలికాలం ఒకరోజు, స్నానాల గదిలోంచి భార్య "సబ్బు అయిపోయింది" అని కేకేసింది. "అప్పుడే ఎలా అయిపోయింది? ఇంకా ఐదో తారీఖేగా!" అన్నాడు ఈయన. ఆవిడ తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చి, "సబ్బుకి తారీఖేంటండీ?" అంది. ఆయన డబ్బు అనుకున్నాడు. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. ఆవిడ నవ్వు ముందు ఆగింది.

తర్వాత వారం షాపులో ఒక సీడీ ప్లేయరు బాగుచేసి, అలవాటు ప్రకారం పరీక్ష డిస్కు పెట్టాడు. ఆ డిస్కులో పాటలుండవు, కూతలుంటాయి. ఇరవై ట్రాకులు. మొదటిది ఎద్దు రంకెలా లావుగా ఉంటుంది, ఎక్కేకొద్దీ సన్నబడి ఇరవయ్యోది దోమ కూడా సిగ్గుపడేంత సన్నగా ఉంటుంది. ఎప్పుడూ పద్దెనిమిది దాకా వినే మనిషికి ఆరోజు పన్నెండో ట్రాకు దగ్గర అంతా నిశ్శబ్దం. లెన్సు మురికి పట్టిందనుకున్నాడు. తుడిచాడు. లెన్సే మార్చాడు. వైర్లు మార్చాడు. స్పీకర్లో సన్న కూతలు పలికే కోన్లు మార్చాడు. ఇంకో ప్లేయరు తెచ్చాడు. చివరికి డిస్కు గీతలు పడిందని కొత్తది తెప్పించాడు. మూడు వారాలపాటు ఆ గదిలో మార్చగలిగినవన్నీ మార్చాడండీ, చెవులు తప్ప!

కొత్త డిస్కు పెట్టి, పద్నాలుగో ట్రాకులో ఏమీ లేదని తిట్టుకుంటూ శబ్దం పెంచుతున్నాడు. అప్పుడే తలుపు తోసుకుని వైఫై లోపలికి వచ్చి, రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

"అబ్బా! ఏంటి గురువుగారూ ఆ కీచు? పళ్ళు జివ్వుమంటున్నాయ్!"

వైఫై అంటే షాపులో రెండో మనిషి. నలభై దాటినవాడు, కవల పిల్లల తండ్రి. ఏ గదిలోకి వెళ్ళినా అక్కడే ఉన్నట్టుంటాడు, పనిపడ్డప్పుడు మాత్రం దొరకడు. అందుకని ఆ పేరు.

పాముచెవులాయన చెయ్యి మీటమీదే ఉండిపోయింది. గదిలో ఏమీ వినబడటంలేదు. గోడ గడియారం కూడా చప్పుడు చెయ్యటంలేదు. అది ఎప్పట్నించి చెయ్యటంలేదో కూడా ఆయనకి గుర్తురాలేదు.

"నీకు వినబడుతుందో లేదో చూస్తున్నాన్రా" అన్నాడు, డిస్కు ఆపి.

ఆ తర్వాత ఆయన ఎవరి చెవినా ఈ మాట వెయ్యలేదు. ఎలా వేస్తాడు? వంటవాడికి నాలుక పోతే ఉప్పు చూడ్డానికి ఇంకొకడుంటాడు. ఈయన చేసే పనంతా చెవితోనే. పేరూ చెవిదే. అది పోయిందని తెలిస్తే మిగిలేది యాభై ఎనిమిదేళ్ళ మనిషి, కింద గోడౌన్లో అట్టపెట్టెలు లెక్కపెట్టే పని. భయపడ్డాడు. భయపడ్డవాడు ఏం చేస్తాడు? గొంతు పెంచుతాడు. సీడీ గురించి అంతకుముందు ప్రేమగా చెప్పేవాడు, ఇప్పుడు కొట్లాడటం మొదలెట్టాడు.

ఎందుకంటే అదే ఏడాది స్ట్రీమర్లు వచ్చాయి. చిన్న పెట్టె, దానికి నోరు లేదు. డిస్కు మింగదు, కక్కదు. ఎక్కడో ఉన్న పాటని ఇంటర్నెట్లోంచి లాక్కుని పాడేస్తుంది. వైఫైకి ఆ పెట్టె అంటే ప్రాణం.

"సీడీలో ఉన్న అంకెలే దీన్లోనూ ఉన్నాయ్ గురువుగారూ. ఒక్కటి కూడా తగ్గలేదు. అంకెలు ఒకటే అయినప్పుడు పాట వేరెలా అవుతుంది?"

"అక్షరాలు యాభయ్యారేరా. నువ్వు రాసిన సెలవు చీటీ, కవి రాసిన పద్యం ఒకటేనా?"

"పద్యాన్నే ఇక్కడ రాసినా అక్కడ రాసినా పద్యమేగా?"

"నీ బొంద. సీడీ పాటకి ఒళ్ళుంటుంది. నీ పెట్టెది నీడ."

రోజూ ఇదే గొడవ. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఒకరు, అసలు కుందేలే లేదని ఒకరు. వినడానికొచ్చిన ఒక పళ్ళడాక్టరు ఓరోజు విసుగెత్తి, "మీలో ఎవరిది నిజమో తేల్చండయ్యా, నేను ఏదో ఒకటి కొనుక్కుని ఇంటికి పోతా" అన్నాడు.

పాముచెవులాయన నోరు అక్కడ జారింది.

"మధ్యలో పరదా కట్టండి. పదిసార్లు పెట్టండి. పదికి పది చెప్తా!"

ఆ మాట ఓనరమ్మ విన్నది. పాత ఓనరుగారి కూతురు. ఈ తివాచీ మీద పాకి పెరిగిన పిల్ల. ఈయన్ని బాబాయ్ గారూ అంటుంది. మనసు మంచిదే, కానీ షాపు బరువు నెత్తిమీద పడ్డాక మనసొక్కటీ చాలదు కదా. రెండు నెలలుగా ఆవిడ తేల్చుకోలేని సంగతి ఇదే. మేడమీది గది సీడీలకు ఉంచాలా, స్ట్రీమర్లకు ఇచ్చెయ్యాలా?

"బాగుంది బాబాయ్ గారూ. వచ్చే ఆదివారం పొద్దున పెడదాం. మనవాళ్ళని నలుగుర్ని పిలుద్దాం. మీరు చెప్పగలిగితే గది మీదే, సీడీలు మీవే, నేనింక ఆ మాట ఎత్తను. చెప్పలేకపోతే గది వైఫై అన్నయ్యకి. మీరు కింద గోడౌన్ చూసుకుందురుగాని. సరేనా?"

సరే అనక ఏమంటాడు?

ఆ వారం ఆయన ఎలా గడిపాడో అడక్కండి. ముల్లుమీద కూర్చున్నవాడు నయం, లేస్తే తగ్గుతుంది. ఈయనకి లేచినా అంతే. సోమవారం భోజనాల వేళ గదిలో తలుపేసుకుని, కళ్ళు మూసుకుని, రెండు పెట్టెల్నీ మార్చి మార్చి విన్నాడు. తేడా తెలియలేదు. మంగళవారం తెలియలేదు. బుధవారం వంద గజాలు నడిచి వెనక్కి వచ్చి, చెవులు దూదితో తుడుచుకుని విన్నాడు. ఒళ్ళు లేదు, నీడా లేదు. రెండూ ఒకటే పాట. ఇన్నేళ్ళూ తను విన్న తేడా నిజంగా ఉండేదా, లేక ఉందని చెప్పుకుని చెప్పుకుని ఉన్నట్టు విన్నాడా? ఆ అనుమానం వచ్చిన రోజు ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు మూడుసార్లు నింపి మూడుసార్లు పారబోశాడు. "ఏంటండీ మీకు?" అంటే, "ఏం లేదు, నీళ్ళు బాగాలేవు" అన్నాడు.

గురువారం మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. సాక్సు కూడా విప్పి పక్కన పడేసి, వట్టి కాళ్ళతో తివాచీ చివర నిలబడి సీడీ పెట్టాడు. అక్కడ తివాచీ అంచు చిరిగి, కింద చెక్క పలక కనిపిస్తుంది. బొటనవేలు ఆ పలకకి తగిలింది.

టక్. తర్వాత సన్నగా బుర్రుమని.

డిస్కు తిరుగుతోంది. అది చెవికి వినబడలేదు. ప్లేయరు పెట్టిన స్టాండు అదే పలకమీద ఉంది. డిస్కు మొదలైనప్పుడు లోపల లెన్సు కదిలే కుదుపు, తర్వాత మోటారు వణుకు, ఆ పలక వెంబడి వచ్చి ఆయన వేలిని చేరుతున్నాయి. డిస్కు ఆపాడు. వణుకు ఆగింది. స్ట్రీమరు పెట్టాడు. పాట వస్తోంది, పలక మాత్రం చచ్చినట్టు పడుంది. అందులో తిరిగేది ఏముంది గనక!

ఆయన అక్కడే కింద కూర్చుండిపోయాడు. చిన్నప్పుడు బడిలో మాస్టారు చెప్పిన ముక్క గుర్తొచ్చింది. పాముకి చెవులుండవురా, అది నేలని పొట్టతో వింటుంది. ముప్ఫై ఏళ్ళు అబద్ధంగా మోసిన పేరు ఇప్పుడు నిజమైంది. నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండూ మింగి, కుర్చీని ఆ పలక దగ్గరికి జరిపాడు.

ఇది మోసమా అని తనని తాను అడిగాడు. పరదా కట్టమన్నారు, కాళ్ళు కట్టమనలేదుగా అని తనే జవాబు చెప్పుకున్నాడు. ఆ జవాబుతో శుక్రవారం గడిచింది, శనివారం మాత్రం గడవలేదు.

ఆదివారం పొద్దున పదింటికి గుమ్మం బయట చెప్పులూ బూట్లూ వరస కట్టాయి. పళ్ళడాక్టరు వచ్చాడు. జీతమంతా స్పీకర్లకే తగలేసే ఒక లారీ డ్రైవరు వచ్చాడు. పిల్లలకి బృందగానం నేర్పే అక్కచెల్లెళ్ళు, అక్క టీచరూ చెల్లెలు టీచరూ, వచ్చారు. వాళ్ళ పాటల హాల్లో మైకులూ స్పీకర్లూ పోయినేడాది సర్దింది ఈయనే. పిలవకపోయినా భార్య కూడా వచ్చి వెనక గోడకి ఆనుకుని నిలబడింది.

"నువ్వెందుకు?" అన్నాడు.

"సెలవు. ఇంట్లో ఏం తోచలేదు" అంది ఆవిడ. ఆవిడ చూపు ఆయన కాళ్ళమీద పడింది. "సాక్సు విప్పారేంటి?"

"ఉక్కపోత."

"మీకా?" అంది ఆవిడ. పడుకునేటప్పుడు కూడా సాక్సు విప్పని మనిషి. చేతులు కట్టుకుంది.

వైఫై పద్ధతిగానే చేశాడు. మీటరు పెట్టి రెండు పెట్టెల శబ్దం ముల్లు ముల్లుకి సరిపోల్చాడు. ఏది కాస్త గట్టిగా మోగినా అదే బాగున్నట్టు అనిపిస్తుందని అతనికి నేర్పింది ఈయనే. ఒకే పాట, మొదట్నించి అర నిమిషం. సీడీ వంతు వస్తే డిస్కు మొదలవుతుంది, స్ట్రీమరు వంతు వస్తే డిస్కు ఆగి ఉంటుంది. ఏ వంతు ఏదో ఓనరమ్మ నాణెం ఎగరేసి, పరదా వెనక వైఫైకి చూపిస్తుంది. పాముచెవులాయన కుర్చీలో కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. బొటనవేలు మెల్లిగా తివాచీ అంచు దాటించాడు.

టక్, బుర్రు. "సీడీ."

ఏమీ లేదు. "స్ట్రీమరు."

ఏమీ లేదు. "స్ట్రీమరే."

ఐదు దాటేసరికి లారీ డ్రైవరు "అమ్మబాబోయ్" అన్నాడు. ఏడు దాటేసరికి పళ్ళడాక్టరు కుర్చీ అంచుకి వచ్చాడు. పాముచెవులాయనకి చెమటలు కారుతున్నాయి. పాట ఏదో, ఎవరు పాడుతున్నారో కూడా పట్టించుకోలేదు. పాట పెడితే రాయిలా కూర్చునే మనిషి, ఆ పదిసార్లలో ఒక్కసారీ పాట వినలేదు.

"పదికి పది!" అని వైఫై పరదా తీసి బయటికొచ్చాడు. మొహం వాడిపోయింది, అయినా వంగి ఈయన కాళ్ళకి నమస్కారం పెట్టాడు. "ఓడిపోయాను గురువుగారూ. మీవి చెవులు కావు."

చప్పట్లు మోగాయి. ఓనరమ్మ కళ్ళు తుడుచుకుంది. "నాన్న ఉంటే ఎంత పొంగిపోయేవాడో బాబాయ్ గారూ! గది మీదే. గుమ్మం పక్కన మీ ఫోటో పెట్టిస్తా, కింద పాముచెవులు అని రాయిస్తా" అంది. భార్య ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. ఆవిడ ఇంకా ఆ కాలివంకే చూస్తోంది.

ఆయన లేవబోతుంటే చెల్లెలు టీచరు దగ్గరికొచ్చింది. అక్క మోచేత్తో పొడుస్తున్నా ఆగలేదు.

"అన్నయ్యగారూ, ఒక మాట అడుగుదామని నెలలుగా అనుకుంటున్నాం. మీరు సర్దిన హాల్లో పిల్లలు పాడేటప్పుడు చెవులు మూసుకుంటున్నారండీ. కీచుమంటోంది, గుచ్చుతోంది అంటారు. ఇద్దరు పిల్లలు రావడమే మానేశారు. మాక్కూడా కాస్త అలాగే అనిపించింది..."

"నోర్ముయ్యవే" అంది అక్క టీచరు. ఈయనవైపు తిరిగి సర్దిచెప్పింది. "ఏం లేదండీ. పిల్లలకి అలవాటు లేక. మంచి శబ్దం అంటే ఇలాగే ఉంటుంది, సర్దింది ఎవరనుకున్నారు, పాముచెవులాయన, మీ చెవులే సరిగా లేవు, నోరుమూసుకుని పాడండి అని మేమే కోప్పడ్డాం. ఇవాళ కళ్ళారా చూశాక ఇంక అనుమానం ఏముంది!"

ఆయనకి ఆ హాలు కళ్ళముందు కదిలింది. కిందటేడు చలికాలం. పిల్లలు పాడుతుంటే శబ్దం మసకగా ఉందనిపించి, సన్న కూతల మీట ఒక గీత పెంచాడు. ఇంకో గీత పెంచాడు. చివరిదాకా తిప్పి, "ఇప్పుడు అద్దంలా ఉంది" అన్నాడు. అప్పుడు ముందు వరసలో ఒక పాప చెవులమీద చేతులు పెట్టుకుంటే, "చలేస్తోందా తల్లీ?" అని అడిగాడు కూడా. ఆ పాప తల అడ్డంగా ఊపింది. ఈయన నవ్వి వచ్చేశాడు.

తన పేరు నిలబెట్టుకోవడానికి మోసం చేశాననే అనుకుంటున్నాడు ఇప్పటిదాకా. దాన్ని భరించగలనేమో అనుకున్నాడు. కానీ ఆ పేరు చెప్పి ముప్ఫైమంది పిల్లల్ని ఏడాదిపాటు నోరు మూయించారే! చెవులు బాగున్న పిల్లలకి మీ చెవులు బాగాలేవని చెప్పించాడే! మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు.

"నేను వినలేదమ్మా" అన్నాడు.

"ఏంటి బాబాయ్ గారూ?"

"ఇందాక. ఒక్కసారీ వినలేదు. కాలితో చెప్పా." కాలి వేలు ఎత్తి పలకమీద తట్టి చూపించాడు. "డిస్కు తిరిగితే ఇక్కడ వణుకుతుంది. నా చెవులు పోయి ఏడాది దాటింది. సన్న శబ్దం ఏదీ వినబడదు. టీచరమ్మా, మీ పిల్లల చెవులు బాగున్నాయి. పాడయింది నావి. వాళ్ళని మీరు తిట్టింది నావల్ల."

ఓనరమ్మ మొహంలో నవ్వు ఎటు పోవాలో తెలియక అక్కడే ఉండిపోయింది.

"తమాషా చెయ్యకండి బాబాయ్ గారూ."

"ఆ ముక్కాలిపీట ఇలా ఇవ్వు." పీట వేసుకుని రెండు కాళ్ళూ దానిమీద పెట్టుకున్నాడు. "ఇప్పుడు పెట్టండి."

పెట్టారు. పదికి నాలుగు.

వైఫై తల గోక్కున్నాడు. సంతోషించాల్సిన మనిషి సంతోషించలేదు. "నేనొకసారి కూర్చుంటా" అన్నాడు. పరదా వెనక్కి ఈసారి ఓనరమ్మ వెళ్ళింది. ఏడాదిగా రెండూ ఒకటే అని గొంతు చించుకున్నవాడికి పదికి ఐదు వచ్చాయి. పళ్ళడాక్టరుకీ ఐదే. లారీ డ్రైవరుకి ఆరు వస్తే కాలరు ఎగరేసి, "అర్థమైందా?" అన్నాడు. ఏమర్థమైందో అతనికే తెలియాలి. పళ్ళడాక్టరు బూట్లు వేసుకుంటూ, "ఇంతకీ ఏది కొనమంటారయ్యా?" అన్నాడు.

"మీ దగ్గర డిస్కులున్నాయా?" అన్నాడు పాముచెవులాయన.

"ఒక అరనిండా."

"అయితే సీడీ కొనండి. లేకపోతే అది కొనండి. శబ్దం సంగతి నన్నడక్కండి, మీకు చెవులున్నాయిగా."

ఓనరమ్మ కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు వీధిలోకి చూసింది. "గది సంగతి రేపు మాట్లాడదాం" అంది చివరికి. ఇన్నేళ్ళలో మొదటిసారి బాబాయ్ గారూ అనలేదు. ఆయనకి ఆ ఒక్క మాట లేకపోవడం మాత్రం చాలా స్పష్టంగా వినబడింది.

మెట్లు దిగుతుంటే భార్య ఆయన చెవికి దగ్గరగా పక్కకి వచ్చింది.

"మా అట్టలో చివరి వరస ఉంటుంది చూడండి, అన్నిటికన్నా చిన్న అక్షరాలు. అది బట్టీపట్టి వచ్చి గడగడా చదివేవాళ్ళని రోజూ చూస్తా. అద్దాలొద్దనుకునేవాళ్ళు. నేను అట్ట తిరగేసి పెడతా. అప్పుడు కూడా అదే వరస చదువుతారు."

"నీకు ముందే తెలుసా?"

"సాక్సు చూశాక తెలిసింది. అంతకుముందు నామీద విసుగేమో అనుకున్నా. పిలిస్తే పలకటంలేదని." "ఏడాదండీ! నామాట పెడచెవిన పెడుతున్నారని ఏడాదిగా ఏడుస్తున్నా. చెవులు పోయాయని ఒక్కమాట చెప్తే ఏం పోయేది?"

ఆయన నడక ఆపాడు. ఇది కూడా ఆయన లెక్కలో లేదు.

"మంగళవారం నాలుగింటికి చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం" అంది ఆవిడ. "అక్కడ మాత్రం బూట్లేసుకుని కూర్చోండి."

ముందు ఇంకో చోటికి వెళ్ళాలన్నాడు ఆయన. సాయంత్రం ఐదింటికి పాటల హాల్లో పిల్లలు వరసల్లో నిలబడి ఉన్నారు. టీచర్లిద్దరూ పక్కన. ఈయన వాళ్ళ ఎదురుగా, మీటలున్న పెట్టె ముందు నిలబడ్డాడు. నాలుగుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"పిల్లలూ, దీన్ని పాడుచేసింది నేనే. మీరు చెప్పింది నిజం. నా చెవులు పాడయ్యాయి కాబట్టి ఇవాళ మీ చెవులు అప్పివ్వండి. పాడండి. గుచ్చుకుంటే చెవులు మూసుకోండి. గుచ్చుకోవడం మానగానే తీసెయ్యండి. నేను చూస్తుంటా."

"నిజంగా మూసుకోవచ్చా?" అని ఎవరో అడిగారు. టీచర్లవైపు భయంగా చూశారు. అక్క టీచరు తల ఊపింది.

పాట మొదలైంది. అరవై చేతులు ఒక్కసారిగా పైకి లేచాయి.

ఆయన మీట ఒక గీత తగ్గించాడు. ఆయనకి పాట అలాగే ఉంది. ఇంకో గీత తగ్గించాడు. అలాగే ఉంది. వెనక వరసలో కొన్ని చేతులు దిగాయి. ఇంకో గీత. మధ్య వరసంతా దిగింది. ఆయనకేమీ మారలేదు, ఒక్క రవ్వ కూడా. ఇంకో గీత తగ్గించాడు. ముందు వరసలో ఒక పాప మాత్రం ఎడమ చెవిమీద చెయ్యి ఉంచుకుని, ఆయన్నే చూస్తూ పాడుతోంది. చలేస్తోందా అని అడిగిన పాపే.

ఆయన ఆ పాపనే చూస్తూ మీట అర గీత తిప్పాడు. పాప చెయ్యి తీసి, దాంతో ముక్కు గోక్కుని, పాడుతూ ఉండిపోయింది. ఆయన మీట వదిలేశాడు. పాట అయిపోయేదాకా కదలకుండా నిలబడ్డాడు.